జాక్ కూడా ఆ చెక్క మీద బతికేవాడా? రెండు పాల ప్యాకెట్లతో ఇంట్లోనే తేల్చుకోండి

టైటానిక్ సినిమా 1997లో వచ్చింది. అందులో ఓడ మునిగాక రోజ్ తేలే చెక్క మీద బతుకుతుంది, ఆమె ప్రేమికుడు జాక్ పక్కనే గడ్డకట్టే నీళ్లలో ఉండిపోయి చనిపోతాడు. అప్పటి నుంచీ ఇదే గొడవ. చెక్క అంత పెద్దగా ఉంది కదా, రోజ్ కాస్త జరిగితే జాక్‌కి చోటు దొరికేది కదా అని. మా ఇంట్లోనూ ఇది చాలాసార్లు నడిచింది. పోయిన సెలవుల్లో మా మేనల్లుడు (ఇంటర్, ఎంపీసీ) మళ్లీ మొదలుపెట్టి "మావయ్యా, ఇద్దరూ పడతారు, కావాలంటే చాప మీద పడుకుని చూపిస్తా" అన్నాడు. చాప మీద నలుగురు కూడా పడతారురా, చాప నీళ్లలో లేదు కదా అన్నాను. అలా మొదలై టబ్బు, రాళ్ల ఉప్పు, వడ్రంగి దగ్గర తెచ్చిన పలక, రెండు అర లీటరు పాల ప్యాకెట్లు అంటూ ఒక ఆదివారం మొత్తం డాబా మీదే గడిచిపోయింది. మీరూ చేసుకోగలిగేలా మొదటి నుంచీ చెబుతాను. కావలసింది పదో తరగతి లెక్కలు, ఒక కిచెన్ త్రాసు, కాస్త ఓపిక.

ముందు ఒక మాట. ఇందులో ఉన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. చెక్క ఇద్దరినీ తేల్చగలదా? తేల్చగలిగినా ఇద్దరూ దాని మీదికి ఎక్కగలరా? ఎక్కినా ఆ చలిలో బతుకుతారా? వాదించేవాళ్లందరూ వీటిని కలిపేస్తారు, అందుకే వాదన తెగదు. విడదీస్తే ఒక్కోదానికి ఒక్కో జవాబు వస్తుంది, మూడూ ఒకేలా ఉండవు.

సీన్‌లోంచి అంకెలు ఏరుకోండి

అది తలుపు కాదు. మొదటి తరగతి లాంజ్ ద్వారం పైభాగంలో ఉండే నగిషీ చెక్క. ఓడ మునిగాక దొరికిన అలాంటి ఓక్ చెక్క ఒకటి కెనడాలోని హాలిఫాక్స్‌లో, మారిటైమ్ మ్యూజియం ఆఫ్ ది అట్లాంటిక్‌లో ఉంది. సినిమా వాళ్లు దాన్ని చూసే తమది తయారుచేశారు. సినిమా చెక్క 2024లో వేలానికి వచ్చి 7 లక్షల డాలర్ల పైన పలికింది. దాదాపు 8 అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు ఉంటుంది, అంటే 2.4 మీటర్లు, 1.05 మీటర్లు అనుకుందాం.

అసలు తమాషా ఏమిటంటే, సినిమాలో వాడింది బాల్సా. బెండు లాంటి కర్ర. స్పానిష్‌లో బాల్సా అనే మాటకే తెప్ప అని అర్థం. నిజంగా బాల్సాతోనే లెక్క కడితే ఇద్దరూ హాయిగా తేలిపోతారు, కథ అక్కడితో ఆగిపోతుంది. కానీ కథలో అది ఓక్. కాబట్టి మనం పరీక్షించాల్సింది షూటింగ్ సామాను కాదు, కథలోని చెక్క. ఈ తేడా మొదట్లోనే పట్టుకోకపోతే తర్వాత ఎంత జాగ్రత్తగా కొలిచినా దండగే.

మిగతా అంకెలు: ఉప్పునీళ్లు, అదీ గడ్డకట్టే చల్లదనంలో, లీటరుకి 1.028 కిలోలు. ఓక్ కర్ర లీటరుకి సుమారు 0.7 కిలోలు (రకాన్ని బట్టి కాస్త అటూ ఇటూ). రోజ్ 60 కిలోలు, జాక్ 70 కిలోలు అనుకుందాం. తడిసిన బట్టలకి మనిషికి 5 కిలోలు, ఎందుకంటే రోజ్ ఒంటి మీద బరువైన కోటు ఉంది. ఇవి నా అంచనాలు, మీకు నచ్చకపోతే మార్చుకోండి, పద్ధతి అదే.

ఇక మందం. చిక్కంతా అక్కడే. తెర మీద చూసి మందం చెప్పడం కష్టం, నగిషీ వల్ల అన్నిచోట్లా ఒకేలా ఉండదు కూడా. అందుకే నేను మందం ఊహించి జవాబు వెతకడం మానేసి, లెక్క తిరగేశాను. ఫలానా జవాబు రావాలంటే మందం ఎంత ఉండాలి?

ఒక్క సెంటీమీటరు లెక్క చేస్తే చాలు

ఆర్కిమెడిస్ సూత్రం అందరికీ కంఠతా వచ్చు. మునిగిన వస్తువు ఎంత నీటిని తొలగిస్తుందో అంత నీటి బరువుతో సమానమైన ఉత్ప్లవన బలం దాన్ని పైకి నెడుతుంది. దీన్ని చెక్కకి ఎలా వాడాలంటే, మొత్తం చెక్కని ఒకేసారి తీసుకోకుండా దాన్ని సెంటీమీటరు మందం పొరలుగా కోసినట్టు ఊహించుకోండి, దోసెల దొంతరలాగా.

ఒక పొర ఘనపరిమాణం: 240 × 105 × 1 = 25,200 ఘన సెంటీమీటర్లు, అంటే 25.2 లీటర్లు. అన్ని లీటర్ల సముద్రపు నీళ్లు 25.9 కిలోలు. అన్ని లీటర్ల ఓక్ 17.6 కిలోలు. తేడా 8.3 కిలోలు. అంటే చెక్క మందంలో ఒక్కో సెంటీమీటరు తన బరువు తాను మోసుకోగా ఇంకో 8 కిలోల పైచిలుకు మోయగలదు. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే మిగతాదంతా భాగహారమే.

రోజ్ ఒక్కతే, ఒళ్లు నీటికి తగలకుండా: 65 ÷ 8.3, దాదాపు 8 సెంటీమీటర్లు. ఇద్దరూ పూర్తిగా పొడిగా: 140 ÷ 8.3, దాదాపు 17 సెంటీమీటర్లు. అంటే జానెడుకి కాస్త తక్కువ మందం ఉన్న ఓక్ దిమ్మ. అంత మందం తలుపు పైన బిగించే చెక్కకి ఉండదనే నా అభిప్రాయం.

ఇక్కడే చాలామంది ఆపేసి "చూశారా, జాక్ పోవాల్సిందే" అంటారు. ఆగండి. ఇద్దరూ పూర్తిగా పొడిగా ఉండాలని ఎవరన్నారు? మనిషి ఒళ్లు కూడా తేలేదే. ఊపిరి పట్టినప్పుడు మన సాంద్రత నీటికంటే కాస్త తక్కువ, లీటరుకి 0.985 కిలోల దగ్గర. అంటే ఒంట్లో ఏ భాగం నీళ్లలో ఉన్నా ఆ భాగం బరువుని నీళ్లే మోస్తాయి, చెక్క మీద పడదు. కాళ్లూ తుంటీ కలిపి ఒంట్లో 40 శాతం నీళ్లలో వదిలేశారనుకోండి, రోజ్ 60 కిలోలలో చెక్క మీద పడేది 35, జాక్ 70లో 41. బట్టలతో కలిపి 86 కిలోలు. 86 ÷ 8.3 అంటే పదిన్నర సెంటీమీటర్లు లోపే.

కాబట్టి చెక్క మందం 8 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే రోజ్‌కే ఒళ్లు తడవక తప్పదు. 17 దాటితే ఇద్దరూ చాప మీద పడుకున్నట్టు పడుకోవచ్చు. ఈ రెండింటి మధ్య ఉన్నదంతా బేరానికి ఆస్కారం ఉన్న జాగా. సినిమాలో మనం చూసేది (రోజ్ పొడిగా పైన, జాక్ పూర్తిగా కింద) భౌతికశాస్త్రానికి విరుద్ధమేమీ కాదు, కానీ అదొక్కటే మార్గమూ కాదు.

కర్ర మారితే ఏమవుతుందో కూడా చూసుకోండి. లీటరుకి 0.5 కిలోలుండే పైన్ అయితే ఇద్దరూ పొడిగా ఉండటానికి పదిన్నర సెంటీమీటర్లు చాలు. 0.16 ఉండే బాల్సా అయితే ఆరున్నర. అదే ఓక్‌ని ఊరి చెరువులో, మంచినీళ్లలో వేస్తే సెంటీమీటరుకి 7.6 కిలోలే మోస్తుంది.

నమూనా: అయిదో వంతు

లెక్క నమ్మని వాళ్లుంటారు, మా మేనల్లుడిలాగా. వాళ్లకి టబ్బు కావాలి. కొలతలన్నీ అయిదో వంతు చేయండి, అప్పుడు బరువులన్నీ 125వ వంతు అవుతాయి (5 × 5 × 5). ఉత్ప్లవనం, బరువు రెండూ ఘనపరిమాణాన్ని బట్టే తగ్గుతాయి కాబట్టి నిష్పత్తులు చెడవు. చెక్క 48 × 21 సెంటీమీటర్లు. మందం 2 సెంటీమీటర్లు పెట్టుకోండి, అది అసలు చెక్కలో 10 సెంటీమీటర్లకి సమానం, మన బేరం జాగాలో సరిగ్గా మధ్యలో కాకపోయినా ఆసక్తికరమైన చోట ఉంటుంది.

మనుషులకి అర లీటరు పాల ప్యాకెట్లు. ఇది నాకు భలే నచ్చిన సంగతి. అర లీటరు పాలు దాదాపు 515 గ్రాములు. 125తో గుణిస్తే 64 కిలోలు. రెండు ప్యాకెట్లంటే 129 కిలోలు, మనం అనుకున్న 60, 70 కలిపితే వచ్చే 130కి కిలో తేడా! పైగా పాల సాంద్రత సముద్రపు నీటికి దగ్గర, మనిషిలాగే నీళ్లలో వేస్తే దాదాపు బరువు లేనట్టు ఉంటుంది. ఇసుక మూటలు, ఇనప గుండ్లు పెట్టకండి, అవి సగం మునిగినా వాటి బరువు పెద్దగా తగ్గదు, మనిషికి అవి నకలు కావు. తడి బట్టలకి ఒక్కో ప్యాకెట్ మీద ఒక తడి మేజోడు వేయండి, 40 గ్రాములు వచ్చేదాకా పిండి తూచండి.

చెక్క కోసం వడ్రంగి దగ్గరికి వెళ్లి ఓక్ అడగకండి, నవ్వుతాడు. టేకు ముక్క దొరికితే మంచిది, లీటరుకి 0.65 దగ్గర ఉంటుంది. చిత్రిక పట్టించి కొలతలకి కోయించుకుని, ఇంటికొచ్చాక తూచండి. 48 × 21 × 2 అంటే 2,016 ఘన సెంటీమీటర్లు, దాన్ని ఓక్‌లాగా నటింపజేయాలంటే 1,410 గ్రాములు తూగాలి. నా టేకు పలక వంద గ్రాములు తక్కువ తూగింది. అడుగున సరిగ్గా మధ్యలో నాలుగు మేకులు కొట్టి, రెండు వాషర్లు బిగించి బరువు సరిపెట్టాను. మేకులు ఒక పక్కకి పడితే పలక ఆ పక్కకే ఒరుగుతుంది, మొదటిసారి నాకు అదే జరిగింది, అరగంట సేపు తప్పు పలకలో ఉందని తెలీక లెక్కలో వెతికాను. వార్నిష్ ఒక పూత వేయండి, లేదంటే పలక నీళ్లు తాగి మూడో పరీక్షకల్లా బరువెక్కుతుంది.

నీళ్లకి లీటరుకి 35 గ్రాముల ఉప్పు. 30 లీటర్ల టబ్బుకి కిలో పైన పడుతుంది, రాళ్ల ఉప్పు చవకే కాబట్టి పిసినారితనం వద్దు. కాసిని వేడినీళ్లలో ముందుగా కరిగించి పోయండి, నేరుగా గుమ్మరిస్తే అడుగునే కూర్చుంటుంది, పైన తేలే పలకకి అది తగలనే తగలదు. స్కూల్లో చేసిన గుడ్డు ప్రయోగం గుర్తొచ్చి గుడ్డు తేలేదాకా ఉప్పు వేసేరు సుమా. తాజా గుడ్డు తేలిందంటే మీ నీళ్లు సముద్రాన్ని మించి ఉప్పగా ఉన్నట్టు.

ఇంకొక్క సంగతి, ఇది చాలామంది వదిలేస్తారు. చిన్న నమూనాల్లో నీటి తలతన్యత మోసం చేస్తుంది. పలక అంచు నీటి మట్టం కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందికి దిగినా నీళ్లు పైకి పొర్లకుండా అంచు దగ్గర ఉబ్బి ఆగిపోతాయి, నిండు గ్లాసు అంచున ఆగినట్టు. అసలు సముద్రంలో ఆ రెండు మిల్లీమీటర్లకి విలువే లేదు, మన పలకకి మాత్రం అది ఉచితంగా దొరికిన బలం. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు నీళ్లలో వేసి, పలక పైభాగాన్ని ముందే తడపండి. ఈ మోసం చాలావరకు పోతుంది.

పరీక్ష ఒకటి: తేలడం

ఖాళీ పలకని వదలండి. రెండు సెంటీమీటర్లలో 6 మిల్లీమీటర్ల పైచిలుకు నీటి పైన ఉండాలి. అంతకంటే బాగా తేడా ఉంటే బరువో ఉప్పో తప్పు, సరిచేసుకుని ముందుకి వెళ్లండి.

ఒక ప్యాకెట్, మేజోడుతో సహా, మధ్యలో పెట్టండి. పలక అయిదు మిల్లీమీటర్ల పైన దిగుతుంది, నీటి పైన మిల్లీమీటరు మిగులుతుంది. రోజ్ పొడిగానే ఉంది, కానీ బొటాబొటిగా. కన్ను నీటి మట్టానికి దించి చూస్తే ఆ సన్నటి చెక్క గీత ఒక్కటే కనిపిస్తుంది, ఎవరైనా పక్కన తుమ్మితే పోయేలా.

ఇప్పుడు రెండో ప్యాకెట్. రెండు చేతులతో రెండూ ఒకేసారి, మధ్యగీతకి అటూ ఇటూ, మెల్లగా దించండి. పలక పూర్తిగా మునుగుతుంది. మా వాడు "అయిపోయింది" అని అరిచాడు. అయిపోలేదు. పలక మునిగాక ప్యాకెట్లు మునగడం మొదలవుతుంది, అవి మునిగే కొద్దీ పలక మీద భారం తగ్గుతుంది, ఒక చోట ఆగిపోతుంది. లెక్క ప్రకారం ప్యాకెట్లు 44 శాతం మునిగి ఆగాలి. మాకు దాదాపు సగం దగ్గర ఆగింది. పెన్నుతో ప్యాకెట్ మీద గీత పెట్టి చూసుకోండి.

అంటే తేలడం అనే పరీక్షలో ఇద్దరూ పాస్, 10 సెంటీమీటర్ల ఓక్ మీద కూడా. కానీ మీ చేతులు పైనుంచి దించాయి కాబట్టి పాస్. అట్లాంటిక్‌లో అలా దించేవాళ్లు ఎవరున్నారు?

పరీక్ష రెండు: ఎక్కడం

నా మటుకు సీన్‌లో అసలు విషయం ఇదే, ఎక్కువ సేపు దీని మీదే ఉండండి.

ఒక ప్యాకెట్ మధ్యలో ఉంచి, రెండోదాన్ని పొడవాటి అంచు మీద సగం వాల్చండి, మోచేతులు ఆనించి ఎక్కబోయే మనిషిలాగా. ఆ అంచు గుటుక్కున మునుగుతుంది, మధ్యలో ఉన్న ప్యాకెట్ జారి నీళ్లలో పడుతుంది. సినిమాలో చెక్క తలకిందులయ్యింది చూడండి, అచ్చం అదే.

ఎందుకంటే, ఏ బరువైనా మధ్యలో పెడితే పలకని అంతటా సమానంగా కొంత ముంచుతుంది. అదే బరువు అంచు మధ్యలో పెడితే ఆ అంచుని దానికి నాలుగు రెట్లు ముంచుతుంది. మూలన పెడితే ఆ మూలని ఏడు రెట్లు. దీర్ఘచతురస్రం పలక ఏదైనా, ఏ సైజైనా, ఏ కర్రైనా ఇదే లెక్క, అంచు నీళ్లలోకి వెళ్లనంతవరకూ. అసలు చెక్కకి చూద్దాం. 10 సెంటీమీటర్ల ఓక్ ఖాళీగా 3.2 సెంటీమీటర్లు పైన ఉంటుంది. రోజ్ ఎక్కాక మిగిలేది 0.7 సెంటీమీటర్లు. జాక్ మోచేతులతో కేవలం 20 కిలోలు మోపాడనుకోండి, మధ్యలో అయితే 0.8 సెంటీమీటర్లు దిగేది, అంచున కాబట్టి 3 సెంటీమీటర్ల పైన దిగాలి. ఉన్నది 0.7. అయిపోయింది, అంచు నీళ్ల కింద, ఆ తర్వాత నీళ్లు పైకెక్కి మిగతా పని పూర్తిచేస్తాయి.

మరి ఎలా ఎక్కాలి? మేము నాలుగు పద్ధతులు ప్రయత్నించాం. ఇద్దరూ ఎదురెదురు పొడవాటి అంచుల మీద ఒకేసారి భారం మోపితే పలక ఒరగదు, సమానంగా దిగుతుంది. ఒకరు చెయ్యి జార్చినా మళ్లీ మొదటికే, కానీ ఎదుటివాళ్ల చేతులు పట్టుకుని లాగితే కుదిరే పని. పొట్టి అంచు (తలాపు వైపు) నుంచి ఎక్కినా అంచు నాలుగు రెట్లే దిగుతుంది, కానీ పొడవు ఎక్కువ కాబట్టి పలక వాలే కోణం సగం కన్నా తక్కువ, పైనున్న మనిషి జారదు, పైగా ఆమె అవతలి చివరికి జరిగి త్రాసులాగా సరితూగొచ్చు. మాకు అయిదుసార్లలో మూడుసార్లు నిలబడింది ఈ పద్ధతి. మూల నుంచి ఎక్కడం అన్నిటికన్నా దరిద్రం. నాలుగోది, మా వాడి ఐడియా, పక్కనుంచి దూకి ఎక్కడం. దాని గురించి చెప్పడానికేమీ లేదు, టబ్బు చుట్టూ డాబా అంతా తడిసింది.

మన ఊళ్లలో వరదలప్పుడు అరటి బోదెల తెప్ప ఎక్కినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పక్క నుంచి ఎక్కబోతే పెద్దవాళ్లు కేకలేస్తారు, కొస నుంచి బోర్లా పాక్కుంటూ రమ్మంటారు.

ఇది టైటానిక్ రాత్రే నిజంగా జరిగింది కూడా. కొలాప్సిబుల్ బి అనే లైఫ్ బోట్ బోర్లా పడి తేలింది. దాని వీపు మీద దాదాపు 30 మంది మగవాళ్లు ఎక్కారు. తెల్లవారుజామున అల మొదలయ్యేసరికి పడవ అటూ ఇటూ ఊగితే, సెకండ్ ఆఫీసర్ ఛార్లెస్ లైటోలర్ వాళ్లని రెండు వరసల్లో నిలబెట్టి, కుడికి వాలండి, ఎడమకి వాలండి అని చెబుతూ వేరే పడవలు వచ్చేదాకా నిలబెట్టాడు. అక్కడ వాళ్లని కాపాడింది పడవ మోయగలిగిన బరువు ఒక్కటే కాదు, ఆ బరువు ఎప్పుడు ఎటు ఉందన్నది. తేలుతున్న చెక్క మీద ప్రాణాలతో దొరికిన మనిషీ ఉన్నాడు, ఫాంగ్ లాంగ్ అనే చైనా ప్రయాణికుడు. వెనక్కి వచ్చిన 14వ నంబరు పడవ అతన్ని ఎక్కించుకుంది. అతను ఒక్కడే, చెక్క ఒక్కటే, అది వేరే సంగతి.

లైఫ్ జాకెట్ మెలిక

2012లో మిత్‌బస్టర్స్ అనే టీవీ కార్యక్రమం వాళ్లు, రోజ్ వేసుకున్న లైఫ్ జాకెట్ విప్పి చెక్క అడుగున కడితే ఇద్దరూ బతికేవాళ్లని చూపించారు. లెక్క సరైనదే. జాకెట్ నీటి పైన ఒంటి మీద ఉన్నంతసేపు దాని ఉత్ప్లవనం సున్నా, వట్టి బరువు. నీళ్లలో మునిగితేనే పనిచేస్తుంది. ఈనాటి 100 న్యూటన్ల జాకెట్ అయితే 10 కిలోలు మోస్తుంది, మన లెక్కలో సెంటీమీటరు పైన మందం కలిసొచ్చినట్టు. పదిన్నర కావాల్సిన చోట తొమ్మిది పైచిలుకు చాలు. ఆనాటివి కార్కు ముక్కల్ని గుడ్డలో కుట్టినవి, కాస్త తక్కువే ఇచ్చాయనుకున్నా తేడా తేడాయే.

నమూనాలో 10 × 8 × 1 సెంటీమీటర్ల థర్మాకోల్ ముక్కని రబ్బర్ బ్యాండ్లతో పలక అడుగున కట్టండి. ప్యాకెట్ల మీద గీసిన గీత ఎంత పైకొస్తుందో చూడండి. ముక్క మధ్యలో కాకుండా ఒక చివర కట్టి కూడా చూడండి, ఆ చివర నుంచి ఎక్కడం తేలికవుతుంది, నాకు ఇదే ఎక్కువ ఉపయోగంగా కనిపించింది.

కానీ మీరు డాబా మీద ఎండలో కూర్చుని రబ్బర్ బ్యాండు వేస్తున్నారు. జాక్ గడ్డకట్టే నీళ్లలో మునిగి, చీకట్లో, కొంకర్లు పోయిన వేళ్లతో ముడి వేయాలి. దర్శకుడు జేమ్స్ కామెరాన్ అభ్యంతరం కూడా ఇదే, కట్టే లోపే మనిషి పోతాడని. ఇది ఒప్పుకోవాల్సిందే. ఆ రాత్రి నీరు దాదాపు మైనస్ 2 డిగ్రీలు.

పరీక్ష మూడు: చలి

చల్లటి నీళ్ల గురించి శిక్షణ ఇచ్చేవాళ్లు 1-10-1 అంటారు. మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులో పెట్టుకోవడానికే సరిపోతుంది. తర్వాత 10 నిమిషాలు చేతులు, వేళ్లు పనిచేస్తాయి. ఒక్క గంటకి ఒంటి వేడి పడిపోయి స్పృహ తప్పుతుంది. ఇవి చేతికి గడియారం పెట్టి చెప్పే లెక్కలు కావు, మనిషిని బట్టి మారతాయి, కానీ క్రమం ఇదే. ఓడ 1912 ఏప్రిల్ 15 తెల్లవారుజామున 2:20కి మునిగింది. కాపాడటానికి కార్పేతియా ఓడ వచ్చేసరికి 4 గంటలు. మధ్యలో గంటా నలభై నిమిషాలు.

ఇక్కడ మన 40 శాతం లెక్క మళ్లీ వస్తుంది. ఉత్ప్లవనానికి ఒంట్లో ఏ 40 శాతం మునిగిందన్నది పట్టదు, ఎంత మునిగిందన్నదే కావాలి. ప్రాణానికి మాత్రం ఏది మునిగిందన్నదే కావాలి. ఇద్దరూ పక్కపక్కన వెల్లకిలా పడుకుంటే వీపంతా నీళ్లలో. అదే వీపు వీపు ఆనించి కూర్చుని, కాళ్లు చెరో పక్కకి నీళ్లలో వేలాడేస్తే మునిగింది అంతే, కానీ ఛాతీ, పొట్ట, మెడ బయట. గాలి కన్నా నీరు పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది కాబట్టి ఇది చిన్న తేడా కాదు.

ఇంట్లో చూడాలంటే రెండు చిన్న జిప్ కవర్లలో 37 డిగ్రీల నీళ్లు సమానంగా పోసి, ఒకదాన్ని ఐస్ కలిపిన ఉప్పునీళ్లలో ముంచి, రెండోదాన్ని అదే గిన్నెలో తేలే థర్మాకోల్ మీద పెట్టి, వంటింటి డిజిటల్ థర్మామీటరుతో అయిదు నిమిషాలకోసారి చూడండి. జ్వరం చూసే థర్మామీటరు పనికిరాదు, అది అంత కింద అంకెలు చూపదు. చెయ్యి పెట్టి ఎంతసేపు ఉంచగలరో పందెం మాత్రం కాయకండి. చెరువులోనో కాలువలోనో మనుషులతో ఈ ప్రయోగం అసలే వద్దు.

కామెరాన్ కూడా చివరికి 2023లో నేషనల్ జియోగ్రాఫిక్ కోసం స్టంట్ ఆర్టిస్టులతో చల్లటి నీళ్లలో నాలుగు రకాలుగా ఇదే పరీక్ష చేయించాడు. కొన్నిట్లో జాక్ పోయాడు. ఇద్దరి ఛాతీలూ నీటి పైన ఉండేలా సర్దుకున్నప్పుడు, రోజ్ జాకెట్ జాక్‌కి ఇచ్చినప్పుడు, బతికే అవకాశం ఉందని ఒప్పుకున్నాడు. మా డాబా మీద టబ్బు కూడా అదే అంది, కాస్త తక్కువ ఖర్చుతో.

నా తీర్పు అడిగితే: సినిమాలో వాళ్లు ఎక్కబోయిన పద్ధతికి చెక్క తలకిందులు కావడం నూటికి నూరుపాళ్లు సరైన భౌతికశాస్త్రం. ఒక్క ప్రయత్నంతో ఆపేయడం మాత్రం భౌతికశాస్త్రం కాదు, స్క్రిప్టు. వేళ్లు పనిచేసే ఆ పది నిమిషాల్లో రోజ్ అవతలి కొసకి జరిగి, జాక్ ఇవతలి కొస నుంచి బోర్లా పాకి, వీపు వీపు ఆనించుకుని కూర్చుని ఉంటే, ఆ రాత్రి సముద్రం అద్దంలా ఉంది కాబట్టి, నేను జాక్ మీద పందెం కాసేవాణ్ని. చెక్క 9 సెంటీమీటర్ల కన్నా పల్చనైతే కాయను.

అన్నీ అయ్యాక పలకని మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి, మేకులకి ఉప్పు తగిలితే తుప్పు పడతాయి. పాల ప్యాకెట్లు కూడా వెంటనే కడిగి, మూలలు నొక్కి చూసుకోండి. మా జాక్ ప్యాకెట్‌కి అంచు మీద వాల్చినప్పుడు సన్నటి చిల్లు పడినట్టుంది. అది తెలీక సాయంత్రం అక్కయ్య ఆ పాలతోనే టీ పెట్టింది. మొదటి గుక్క తాగింది మా మేనల్లుడే.